డేకేర్ ఫీజు ఎవరి చేతికి చేరుతోంది?

తమ్ముడూ, మీ ప్రశ్న చదివాను. టెక్సస్‌లో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో కాపురం, ఇద్దరికీ ఉద్యోగాలు, మూడేళ్లు దాటిన పాప, మీ అత్తగారు ఇండియా తిరిగి వెళ్లే రోజు దగ్గరపడింది. మూడు డేకేర్‌ల ఫీజులు వరసగా రాసి ఏది మంచిదో చెప్పమన్నారు. ఫీజులు సెంట్లతో సహా రాశారు గానీ టీచర్ల గురించి ఒక్క ముక్క లేదు. మీ తప్పేం లేదు లెండి, డాలస్ వైపు కొత్తగా వచ్చినవాళ్లంతా ఇలాగే మొదలుపెడతారు. మేమూ అలాగే మొదలుపెట్టి, దానికి మూల్యం బాగానే కట్టుకున్నాం.

వచ్చిన కొత్తలో ప్రతి డాలర్నీ రూపాయల్లోకి మార్చుకుని గుండె బాదుకునేవాళ్లం. మావాడికి నెల డేకేర్ ఫీజు ఊళ్లో లెక్చరర్‌గా చేసే మా అన్నయ్య జీతం కంటే ఎక్కువ. మనసొప్పలేదు. అదే కాంప్లెక్సులో పిల్లల్ని చూసుకునే ఒక తెలుగావిడ దగ్గర చేర్చాం. సెంటర్ ఫీజులో సగమే. పప్పన్నం కలిపి పెడుతుంది, తెలుగులో మాట్లాడుతుంది, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాం. ఆవిడ మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఒక్కతే. పాలు తాగే పసివాళ్ల దగ్గర్నుంచి స్కూలు నుంచి వచ్చేవాళ్ల దాకా ఎవరొచ్చినా కాదనదు. ఆవిడ వంటింట్లో ఉన్నంతసేపూ పిల్లలకి టీవీయే ఆయా.

ఓ శుక్రవారం సాయంత్రం వాణ్ని తీసుకెళ్దామని వెళితే, తమ్ముడి పెళ్లి కుదిరింది, మంగళవారం ఫ్లైటు అంది. ఎప్పుడొస్తారంటే చెప్పలేనంది. అప్పుడు మా ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం, పనిచేసిన గంటలకే డబ్బు. నేనేమో సెలవు అడగడానికే భయపడే కొత్త ఉద్యోగిని. ఇంకో చోటు దొరికేదాకా మా ఆవిడే ఇంట్లో కూర్చుంది. ఆమె పోగొట్టుకున్న జీతం లెక్కేస్తే, అన్నాళ్లూ మిగిల్చానని మురిసిపోయిన డబ్బంతా అందులోనే కొట్టుకుపోయింది. టాక్స్ ఫైల్ చేసేటప్పుడు ఇంకో దెబ్బ. పిల్లల సంరక్షణ ఖర్చుకి క్రెడిట్, అంటే టాక్స్‌లో తగ్గింపు, వస్తుందని మా టాక్సులు చూసే సీపీఏ చెప్పాడు. తీరా చూస్తే ఆవిడ దగ్గర రసీదూ లేదు, టాక్స్ నంబరూ లేదు. అంతా క్యాషే కదా.

హోమ్ డేకేర్‌లన్నీ ఇంతే అనడం లేదు. టెక్సస్‌లో ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్లు సంఖ్యను బట్టి లిస్టింగో, రిజిస్ట్రేషనో, లైసెన్సో తీసుకోవాలి. అవి ఉన్న ఇళ్లలో చక్కగా నడిచేవి నాకు తెలుసు. వర్క్ పర్మిట్ లేని హెచ్-4 (ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద క్యాష్‌కి నడిపేవాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. మీ డబ్బు సంగతి అటుంచి, వాళ్ల వీసాకే ఎసరు.

ఆ దెబ్బతో రెండోవైపు పడిపోయాం. ఈసారి ఖరీదైనదైతే మంచిదే అయ్యుంటుందని ఆ చుట్టుపక్కల అన్నిటికంటే ఎక్కువ ఫీజున్న సెంటర్‌కి వెళ్లాం. లాబీ చూస్తే హోటల్లా ఉంది. డైరెక్టర్ కాఫీ ఇచ్చి మరీ టూర్ చేయించింది. స్పానిష్, యోగా, సైన్సు, రోజూ యాప్‌లో ఫోటోలు. మేం వెళ్లింది అపాయింట్‌మెంట్ తీసుకుని, పొద్దున పదింటికి. ఆ వేళకి ఏ సెంటరైనా బాగానే ఉంటుందని అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

చేరిన కొన్నాళ్లకే టీచర్ మారింది. తర్వాత వచ్చినామె కూడా నిలవలేదు. ఆ తర్వాత ఎవరు వస్తున్నారో, ఎవరు వెళ్తున్నారో మాకే తెలిసేది కాదు. బాత్రూంకి వెళ్లడం ఇంట్లో చక్కగా అలవాటైన పిల్లాడు సాయంత్రాలు వేరే ప్యాంటుతో వచ్చేవాడు. అడిగితే ‘ఎడ్జస్ట్ అవుతున్నాడు’ అనేవారు. వాడికి ఇంగ్లిష్ రాదు. వాడి ముఖం చూసి గ్రహించగలిగినంత కాలం ఏ టీచరూ ఆ గదిలో ఉండలేదు. యాప్‌లో ఫోటోలు మాత్రం ఒక్కరోజూ ఆగలేదు.

ఇంత ఫీజు తీసుకుంటూ టీచర్లు ఎందుకు నిలవరని అప్పుడు ఆలోచించాను. ఈ దేశంలో డేకేర్ టీచర్ల జీతాలు చాలా తక్కువ. పక్కనున్న గోడౌన్‌లోనో స్టోర్‌లోనో గంటకి కాస్త ఎక్కువిస్తామంటే వెళ్లిపోతారు, తప్పు పట్టలేం. అంటే మనం కట్టే ఫీజులో ఎంత టీచర్ దాకా వెళ్తోంది, ఎంత లాబీకి, యాప్‌కి, బిల్డింగు అద్దెకి పోతోంది అన్నది చూసుకోవాలి. ఆ లెక్క మీకు ఎవరూ కాగితం మీద చూపించరు గానీ, పట్టుకునే దారులున్నాయి.

డైరెక్టర్ని అడక్కండి, మీ పాప వెళ్లబోయే గదిలోని టీచర్‌నే నేరుగా అడగండి, ఈ గదిలో ఎన్నాళ్లుగా ఉన్నారని. ఏళ్లు చెబితే సగం పని అయిపోయినట్టే. నీళ్లు నమిలితే అదీ జవాబే. ఆమె నిలబడి అరుస్తోందా, నేల మీద కూర్చుని పిల్లల కళ్లలోకి చూసి మాట్లాడుతోందా గమనించండి. డైపర్ మార్చాక చేతులు కడుక్కుంటున్నారా? ఏడుస్తున్న పిల్లని ఎవరైనా ఎత్తుకున్నారా? వీటికి డిగ్రీలేం అక్కర్లేదు, మన ఇళ్లలో అమ్మమ్మలు కళ్లతోనే పట్టేస్తారు. మీ అత్తగారు వెళ్లేలోపు ఆవిణ్ణి కూడా తీసుకెళ్లండి.

ముఖ్యంగా సాయంత్రం ఐదున్నరకి వెళ్లండి. ఆ వేళకి కొందరు టీచర్లు ఇళ్లకి వెళ్లిపోతారు, రెండు మూడు గదుల పిల్లల్ని ఒకేచోట కలిపేస్తారు. అసలు రంగు అక్కడ బయటపడుతుంది. టెక్సస్ సెంటర్లలో మూడేళ్ల పిల్లలకి 15 మందికి ఒక టీచర్ ఉంటే చాలు, నాలుగేళ్లవాళ్లకైతే 18 మందికి ఒకరు. అది చట్టం ఒప్పుకునే కనీసం. ఎన్‌ఏఈవైసీ (చిన్నపిల్లల విద్య కోసం పనిచేసే జాతీయ సంఘం) గుర్తింపు కావాలంటే ఈ వయసుకి దాదాపు పదిమందికి ఒకరుండాలి. గదిలో తలలు లెక్కపెట్టుకోండి, మొహమాటపడకండి. మనం ఇడ్లీ పిండి తూకంలో మోసాన్ని పట్టుకుంటాం గానీ, ఇంత డబ్బు పోసే చోట మాత్రం నవ్వుతూ తలూపి వచ్చేస్తాం.

రాష్ట్ర హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ వెబ్‌సైట్‌లో ప్రతి సెంటర్ తనిఖీ రిపోర్టులూ ఉంటాయి, వెతకడం తేలిక. ఒక తప్పు కనబడగానే టెన్షన్ పడొద్దు, కాగితాలు ఆలస్యమయ్యాయన్న లోపాలు దాదాపు అందరికీ ఉంటాయి. పిల్లల్ని గమనించకుండా వదిలేశారని, టీచర్ల సంఖ్య చాల్లేదని, సిబ్బంది బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించలేదని పదే పదే కనబడితే అక్కడితో ఆపేయండి. మా ఖరీదైన సెంటర్ రిపోర్టు నేను చూసింది మావాణ్ని మాన్పించాక. సంఖ్య చాల్లేదన్న మాట అందులో ఒకటికి మించిసార్లు ఉంది. టెక్సస్ రైజింగ్ స్టార్ అని నక్షత్రాల రేటింగ్ కూడా ఒకటుంది. ఉంటే మంచిదే, లేనంత మాత్రాన చెడ్డదని కాదు.

చివరికి మావాడు కుదురుకున్నది పాత బిల్డింగులో, గోడల రంగు వెలిసిన ఒక చిన్న సెంటర్‌లో. లాబీ అనేదే లేదు. సాయంత్రం పార్కింగ్‌లో పిల్లల్ని కార్లెక్కిస్తున్న తల్లులతో మాట్లాడి ఎంచుకున్నాం. ఫీజు రెండిటికీ మధ్యలో ఉంది. అక్కడి టీచర్‌కి నీళ్లు, ఆకలి, నిద్ర, బాత్రూం అన్న మాటలు తెలుగులో ఎలా పలకాలో మా ఆవిడ ఒక కాగితం మీద రాసిచ్చింది. ఆమె దాన్ని అల్మారా తలుపుకి అంటించుకుంది. మీరూ రాసివ్వండి. అన్నట్టు, చాలా సెంటర్లలోకి పల్లీలు రానివ్వరు, లంచ్ డబ్బాలో పల్లీ చట్నీ పెట్టకండి.

మళ్లీ డబ్బు దగ్గరికే వస్తాను, నా గొడవే అది. మీరు రాసిన నెల ఫీజు అసలు ఖర్చు కాదు. రిజిస్ట్రేషన్ ఫీజు, సామాన్ల ఫీజు ఏటా ఉంటాయేమో అడగండి. సాయంత్రం ఆలస్యమైతే నిమిషానికింతని వేస్తారు. పాపకి జ్వరమొస్తే, మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుండా ఉండాలి, అప్పుడే రానిస్తారు. ఇంట్లో ఉన్న రోజులకి ఫీజు తగ్గదు. మొదటి చలికాలం పాప ఇంట్లోనే ఎక్కువుంటుంది, మీ ఇద్దరి సెలవులు అందుకు దాచుకోండి. మంచు పడి మూసేసినా, మీరు సంక్రాంతికి నెల్లాళ్లు ఇండియా వెళ్లినా చాలాచోట్ల ఫీజు ఆగదు. మానేయాలంటే ఎన్ని వారాల ముందు చెప్పాలో కాగితం మీద రాసివ్వమనండి. ఆఫీసులో డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ (పిల్లల సంరక్షణ కోసం టాక్స్ పడకుండా జీతంలోంచి పక్కన పెట్టుకునే ఖాతా) ఉంటే తీసుకోండి, కుటుంబానికి 5,000 డాలర్లుండే పరిమితి 2026 నుంచి 7,500 అయింది. మిగతా షరతులు మీ హెచ్ఆర్ దగ్గర కనుక్కోండి.

ఇంతకీ పాప పుట్టినరోజు మీరు రాయలేదు, అసలు చెప్పాల్సింది అదే. సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండితే, ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలకి టెక్సస్ ప్రభుత్వ బడుల్లో ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతి) ఉచితం. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారంలో అడుగుతారు. మనవాళ్లు పరువు కోసం ఇంగ్లిష్ అని రాసేసి, ఆ తర్వాత నెలనెలా ఫీజు కట్టుకుంటారు. మాట్లాడేది తెలుగైతే తెలుగనే రాయండి. పాపకి చిన్న పరీక్ష పెట్టి చూస్తారు. చాలా డిస్ట్రిక్టుల్లో నమోదు వేసవికి ముందే మొదలవుతుంది. బర్త్ సర్టిఫికెట్, టీకాల రికార్డు, అపార్ట్‌మెంట్ లీజు, కరెంటు బిల్లు సిద్ధంగా ఉంచుకోండి. టీకాల కాగితం ఇండియాదైతే ముందే ఇక్కడి పిల్లల డాక్టర్‌కి చూపించి, తక్కువైనవి వేయించండి. తేదీ కలిసొస్తే మీరు డేకేర్‌కి కట్టేది ఈ కొన్ని నెలలే, కాబట్టి ఏడాది కాంట్రాక్టు మీద మాత్రం సంతకం పెట్టకండి.