అడుగున ఎరుపు కనిపించదు

హన్మకొండ

బిడ్డా,

బాలి నుంచి వచ్చి, అక్కడి తులాంబెన్ ఊరి దగ్గర సముద్రంలో చేసిన స్కూబా డైవింగ్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భద్రకాళి చెరువు కట్ట మీద పెరిగిన పిల్ల మునిగిన ‘లిబర్టీ’ అనే ఓడ దాకా వెళ్లి వచ్చిందంటే చాలా సంతోషంగా ఉంది. కానీ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘25 మీటర్ల లోతున ఎర్రెర్రని పగడాలు మెరిశాయి’ అన్నావు. చేతిలో టార్చ్ ఉందా? నీళ్లు ముందుగా మింగేది ఎరుపునే. పది మీటర్లు దాటితే మందారం కూడా మట్టిరంగుకు తిరుగుతుంది. ఆ ఎరుపు తర్వాత ఫోన్‌లో సరిచేసిన ఫొటోది, నీ కంటిది కాదు.

నేనూ ఈ తప్పు చేశాను. తొలి కథలో మా ఊరి బావి అడుగును నీలంగా రాశాను. మాకు ఈత నేర్పిన మామ విని, ‘పిలగా, ఎన్నడన్న అడుగు ముట్టి కండ్లు తెరిచినవా?’ అన్నాడు. తెరవలేదు. మర్నాడే దిగి చూశాను. చాయ్ రంగు నీళ్లు, నా చెయ్యే నాకు కనిపించలేదు. కథ మార్చి రాశాను.

మొదటి పేరా నిండా లిబర్టీ ఓడ చరిత్రే పోశావు. 1942 జనవరిలో జపాన్ సబ్‌మెరైన్ టార్పెడోతో కొట్టడం, లాక్కెళ్తుంటే నీళ్లు నిండి తులాంబెన్ ఒడ్డుకు ఎక్కించడం, 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు అది సముద్రంలోకి జారడం, అన్నీ నిజాలే. అవి నీ కాలికి తగిలిన చోట చెప్పు. గాలి సిలిండర్ వీపున వేసుకుని నల్ల గుండ్రాళ్ల మీద తూలిపోయానన్నావే, ఆ ఒడ్డునే ఆ ఓడ 21 ఏళ్లు పడి ఉంది. అక్కడ చెప్తే చదివేవాళ్ల కాలు కూడా జారుతుంది.

సిలిండర్లు నెత్తిన మోసే ఆడవాళ్లకు ఒక్క లైనే ఇచ్చావు. నెత్తి మీద చుట్టబట్ట ఉందా? బోనం ఎత్తుకున్నట్టు నడిచారా, కట్టెల మోపు మోసినట్టా? ఈ ప్రశ్న వరంగల్ పిల్లకు తట్టాలి.

‘లోపలంతా నిశ్శబ్దం’ అన్నది తీసేయ్. నేను అండమాన్‌లో ఒక్కసారి దిగాను. ఇప్పటికీ చెవుల్లో ఉన్నది నా ఊపిరి చప్పుడే, బుడగల గలగలే.

పైకి వచ్చేముందు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆపారన్నావు. ఆ మూడు నిమిషాలు ఏం చూశావో ఒక్క ముక్క లేదు. ముందు అది రాసి పంపు.