క్రైమ్ ప్రోగ్రామ్ చూసి చెల్లెలి చేతులు కట్టేశాడు.. ఛానల్ మీద కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది నంద్యాల. బాబుకు ఎనిమిదేళ్లు, పాపకు ఐదేళ్లు. మా అత్తగారు రోజూ సాయంత్రం ఏడున్నరకు ఒక న్యూస్ ఛానల్లో క్రైమ్ ప్రోగ్రామ్ చూస్తారు. హత్యలు, కిడ్నాపులు ఎలా జరిగాయో నటులతో తీసి చూపిస్తారు. ఆదివారం మధ్యాహ్నం మళ్లీ వేస్తారు. ఆవిడ పక్కనే కూర్చుని బాబూ చూస్తాడు. పోయిన నెల వాడు చెల్లెలి చేతులు చున్నీతో కట్టి, నోట్లో గుడ్డ కుక్కి, మంచం కింద దాచాడు. అదేమంటే 'కిడ్నాప్ ఆట' అన్నాడు. పాపకు దెబ్బలేమీ తగల్లేదు గానీ రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది. మావారు పది లక్షల నష్టపరిహారం అడుగుతూ ఛానల్‌కు లీగల్ నోటీసు ఇద్దామంటున్నారు. విషయం బయటికొస్తే బాబు మీదే కేసు అవుతుందని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య, 'అక్కడ టీవీలకే లాక్ ఉంటుంది, మనకు అసలు చట్టమే లేదు' అంటాడు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి

జవాబు: ముందు బాబు గురించి టెన్షన్ వదిలేయండి. భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. ఏడు దాటి పన్నెండు లోపు ఉన్నవాళ్లకు 21వ సెక్షన్ వర్తిస్తుంది. తాను చేస్తున్న పని ఎలాంటిదో, దానివల్ల ఏం జరుగుతుందో తెలిసేంత పరిణతి లేకపోతే అదీ నేరం కాదు. కిడ్నాప్‌ను ఆట అనుకున్న పిల్లాడికి ఆ పరిణతి ఉందని ఎవరంటారు? పాపను మాత్రం ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. ఇది కేసు కోసం చెప్పే మాట కాదు.

ఇక పది లక్షల నోటీసు. ఇవ్వడానికి అడ్డమేమీ లేదు, నోటీసు ఎవరైనా ఎవరికైనా ఇవ్వవచ్చు. ఛానల్ పట్టించుకోకపోతే సివిల్ కోర్టుకు వెళ్లాలి. అక్కడ అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. తర్వాత, ఈ ప్రోగ్రామ్ వల్లే బాబు ఇలా చేశాడని రుజువు చేయాల్సిన భారం మీ మీదే పడుతుంది. టీవీ ఎవరు పెట్టారు, పక్కన పెద్దవాళ్లు లేరా, ఫోన్లో ఇంకేమీ చూడడా, ఇవే సీన్లు చూసిన మిగతా పిల్లలు ఎందుకు చేయలేదు అని ఛానల్ లాయరు అడుగుతాడు. బోనెక్కి వీటికి జవాబు చెప్పాల్సింది మీ అత్తగారే. ఆ పరిస్థితి ఇంట్లో ఎవరికీ మంచిది కాదు.

టీవీ హింస పిల్లల మీద ప్రభావం చూపదని నేననడం లేదు. చికాగో ప్రాంతంలో 1977లో ఆరు నుంచి పదేళ్ల వయసున్న పిల్లల్ని ఎంచుకుని, పదిహేనేళ్ల తర్వాత మళ్లీ కలిసి చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. చిన్నప్పుడు హింస ఎక్కువగా చూసినవాళ్లలో పెద్దయ్యాక దుడుకుతనం ఎక్కువగా కనిపించిందని అది తేల్చింది. అయితే ఇలాంటి అధ్యయనాలు వందల మందిని కలిపి చూసి ధోరణి చెబుతాయి. కోర్టు అడిగేది ఒక పిల్లాడి గురించి, ఒక ప్రోగ్రామ్ గురించి. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని దాటలేకే చాలా దావాలు వీగిపోతాయి. టీవీ హింసకు బానిసై తమ కొడుకు హత్య చేశాడంటూ ఫ్లోరిడాలో ఒక కుటుంబం మూడు పెద్ద నెట్‌వర్కుల మీద వేసిన దావాను అక్కడి ఫెడరల్ కోర్టు 1979లో కొట్టేసింది.

ప్రోగ్రామ్‌నే ఆపించాలంటే? అదీ కష్టమే. దేశ విభజన నాటి హింసను చూపిన 'తమస్' సీరియల్‌ను ఆపమని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 1988లో తోసిపుచ్చింది. ఒక దృశ్యం ప్రభావాన్ని వివేకం, గుండె నిబ్బరం ఉన్న మనిషి కొలతతో చూడాలి గానీ, ప్రతిదానికీ బెదిరిపోయేవాళ్ల కొలతతో కాదంది. ఈ కొలత పెద్దవాళ్లకు సరిపోతుంది. ఎనిమిదేళ్లవాడికి గుండె నిబ్బరం ఎక్కణ్నుంచి వస్తుంది?

అందుకే పిల్లల కోసం విడిగా రాసిన నిబంధనను పట్టుకోండి. 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రోగ్రామూ 'ప్రోగ్రామ్ కోడ్'కు లోబడి ఉండాలి. ఆ కోడ్ 1994 రూల్స్‌లో 6వ రూల్‌గా ఉంది. పిల్లలకు తగని ప్రోగ్రాములను, పిల్లలు ఎక్కువమంది టీవీ చూసే వేళల్లో వేయకూడదని అందులో 5వ ఉపనిబంధన చెబుతోంది. ఏ గంట నుంచి ఏ గంట వరకన్నది రూల్లో రాయలేదు. కానీ సాయంత్రం ఏడున్నర, ఆదివారం మధ్యాహ్నం పిల్లలు టీవీ ముందుండే వేళలు కావని వాదించడం ఏ ఛానల్‌కైనా ఇబ్బందే. వినోద ఛానళ్లు సొంతంగా పెట్టుకున్న నియమాల్లో పెద్దలకు మాత్రమే తగిన కంటెంట్‌ను రాత్రి 11 నుంచి ఉదయం 5 లోపు వేయాలని ఉంది. మీది న్యూస్ ఛానల్ కాబట్టి ఆ నియమం నేరుగా వర్తించదు. అయినా పోలికగా రాయండి.

'హింసను ప్రేరేపిస్తోంది' అని మాత్రం రాయకండి. ఆ నిబంధనా కోడ్‌లో ఉంది గానీ, 'మేం ప్రజల్ని అప్రమత్తం చేస్తున్నాం' అనే జవాబు వాళ్ల దగ్గర రెడీగా ఉంటుంది. ప్రోగ్రామ్ పేరు, తేదీ, సమయం, ఏ దృశ్యం, ఎంతసేపు చూపించారు, 6(5)ను ఎలా ఉల్లంఘించారు, మీరు కోరేదేమిటి (రాత్రి పొద్దుపోయాక వేయడం, మధ్యాహ్నం రిపీట్ ఆపడం), ఇంతే రాయండి. ఇంట్లో జరిగింది రెండు వాక్యాల్లో చెప్పండి, బాబు పేరు రాయొద్దు. నిజమైన సీసీటీవీ దృశ్యాలు, శవాలు బ్లర్ చేయకుండా చూపించి ఉంటే ఆ విషయం విడిగా రాయండి. అలా చూపించొద్దని కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2023 జనవరిలో ఛానళ్లన్నిటికీ సూచనలు పంపింది.

2021లో సవరించిన రూల్స్ ప్రకారం మొదట ఛానల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 24 గంటల్లో అందినట్టు తెలపాలి, 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా, 15 రోజుల్లోగా ఆ ఛానల్ సభ్యత్వమున్న స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు. వాళ్లకు 60 రోజుల గడువుంటుంది. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే మళ్లీ 15 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వానికి వెళ్లవచ్చు. హైకోర్టులో రిట్ ఆ తర్వాతి మాట. ఛానళ్లు తమ ప్రసారాల రికార్డును 90 రోజులు ఉంచాలి. మీ ఘటన జరిగి నెల అయింది కాబట్టి ఈ వారంలోనే పంపండి.

ఛానళ్లు పెట్టుకున్న సంస్థే ఛానల్ మీద తీర్పు చెప్పడమేమిటని మీవారు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. హెచ్చరిక, క్షమాపణ, స్క్రోలింగ్ లాంటివి తప్ప పెద్ద శిక్షలుండవు. చట్టంలో ఉన్న జైలు శిక్షను కూడా 2023లో తీసేశారు. అయినా టైమ్ మార్పించడానికి ఈ దారిలో మీకయ్యే ఖర్చు పోస్టేజీ మాత్రమే.

మీ ఊళ్లో కేబుల్ ఆపరేటర్ నడిపే లోకల్ ఛానల్లో ఇలాంటివి వస్తే ఆర్డీవోకు గానీ కలెక్టరుకు గానీ ఇవ్వండి. సెక్షన్ 19 కింద ప్రసారం ఆపించే అధికారం వాళ్లకుంది.

మీ అన్నయ్య చెప్పింది సగం నిజం. అమెరికాలో 1996 చట్టం వల్ల, 2000 నుంచి 13 అంగుళాలు, అంతకన్నా పెద్ద టీవీలన్నిటిలో, పిల్లలకు తగని ప్రోగ్రాములను అడ్డుకునే వీ-చిప్ ఉండాలి. దాన్ని సెట్ చేసుకోవాల్సింది తల్లిదండ్రులే. హింసను ఫలానా వేళలో చూపకూడదనే రూల్ మాత్రం అక్కడ లేదు. ఆ రూల్ మనకుంది, అడిగేవాళ్లే తక్కువ. లాక్ మన సెట్ టాప్ బాక్సుల్లోనూ చాలావాటికి ఉంటుంది. సెట్టింగ్స్‌లో పేరెంటల్ లాక్‌కు వెళ్లి ఆ ఛానల్‌కు పిన్ పెట్టండి. అత్తగారికి పిన్ చెప్పి, బాబు పడుకున్నాక చూడమనండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. అదే ప్రోగ్రామ్‌ను ఛానల్ యూట్యూబ్‌లో పెడితే దానికి కేబుల్ చట్టం వర్తించదు, 2021 ఐటీ రూల్స్ వర్తిస్తాయి. అక్కడ వీడియోను ఎప్పుడైనా చూడవచ్చు కాబట్టి 'పిల్లలు చూసే వేళ' అనే వాదన నిలవడం కష్టం. బాబు చేతికి ఫోన్ ఇస్తుంటే ముందు దాని సంగతి చూడండి.