కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడితే ఎందుకు తూలిపోతాం?

శరీరం ఎటు ఒరుగుతోందో మెదడుకు చెప్పే మూడు ఆధారాల్లో ఒకటైన చూపు ఆగిపోవడం వల్ల తూలిపోతాం. మిగతా రెండు లోపలి చెవి, కాళ్ల కండరాలూ కీళ్లూ అరికాళ్ల నుంచి వచ్చే స్పర్శజ్ఞానం. ఒంటికాలి మీద ఆనుకునే చోటు ఒక పాదమంతే కాబట్టి లోటు వెంటనే బయటపడుతుంది.

అసలు కదలకుండా నిలబడటం ఎవరికీ సాధ్యం కాదు. చీలమండల దగ్గర కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటాం. ముందుకు ఒరిగితే ఎదుటి గోడ కాస్త దగ్గరైనట్టు, పక్కకు ఒరిగితే అది రెండోవైపు జరిగినట్టు కంటికి తెలుస్తుంది. మెదడు కాలి కండరాలను బిగించి సరిచేస్తుంది. వస్తువు దగ్గరుంటే ఆ జరుగుడు పెద్దగా కనిపిస్తుంది. ఎత్తైన మేడ అంచున, దగ్గర్లో చూపు ఆనడానికి ఏమీ లేనిచోట, కళ్లు తెరిచే ఉన్నా ఊగుడు పెరగడానికి ఇదే కారణం (భయం దానికి తోడు).

మధుమేహంతో అరికాళ్లు మొద్దుబారినవారినే చూడండి. పగలు మామూలుగా నడుస్తారు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూస్తే, లేదా రాత్రి కరెంటు పోతే తూలుతారు. పాదాలు జతచేసి, కళ్లు తెరిచి, తర్వాత మూసి చూసే రాంబర్గ్ పరీక్ష పట్టుకునేది ఈ తేడానే. పరీక్షించేటప్పుడు పక్కన పట్టుకునే మనిషి ఉండాలి.

కళ్లు మూస్తే తూలడం చిన్నమెదడు జబ్బుకు గుర్తని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. చిన్నమెదడు దెబ్బతిన్నవారు సాధారణంగా కళ్లు తెరిచి ఉన్నా తూలుతారు.