మృదులాస్థి పరిశోధన కోసం ఫిజియోథెరపీని వదలాలా?

ప్రశ్న: ఫిజియోథెరపీ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. దెబ్బతిన్న మృదులాస్థిని కణాలతో బాగుచేసే పరిశోధన చేయాలని ఉంది. ఈ చదువు మానేసి కణజీవశాస్త్రంలో చేరమంటారా?

జవాబు: మానవద్దు. మీరు కోరుకుంటున్న పరిశోధనకు ఈ చదువు చాలా అవసరం.

కీళ్లలో ఎముకల చివరలను కప్పి ఉంచే మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు కాబట్టి, దెబ్బ తగిలితే అది తనంతట తాను సరిగా మానదు. అందులోని కణాలకు పోషకాలు ప్రధానంగా కీలు ద్రవం నుంచే అందాలి. ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడాలంటే కీలు కదలాలి, దానిపై బరువు పడుతూ తొలగుతూ ఉండాలి. రోగి మోకాలి నుంచే కణాలను తీసి, ప్రయోగశాలలో పెంచి, తిరిగి అదే మోకాలిలో అమర్చిన ఫలితాలను స్వీడన్ వైద్యులు 1994లో 23 మంది రోగుల విషయంలో ప్రకటించారు. అయితే పళ్లెంలో పెరిగే కొద్దీ ఆ కణాలు గుండ్రని రూపం కోల్పోయి చదునవుతాయి. మృదులాస్థికి కావలసిన రెండో రకం కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను తగ్గించి, ఒకటో రకాన్ని తయారుచేయడం మొదలుపెడతాయి. అమర్చిన తరువాత వాటిని మళ్లీ దారిలో పెట్టే సంకేతాలలో కీలుపై పడే ఒత్తిడి ఒకటి. దాన్ని ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్నది ఇంకా పూర్తిగా తేలని ప్రశ్న. నా దృష్టిలో మీ స్థానం అక్కడే ఉంది.

శస్త్రచికిత్స తరువాత తొలి వారాలలో ఆ కాలిపై శరీర బరువులో 20 శాతానికి మించి మోపవద్దని చాలా చోట్ల చెబుతారు. 70 కిలోల మనిషికి అది 14 కిలోలు. ఎంత మోపితే 14 కిలోలవుతుందో రోగికి ఎలా తెలుస్తుంది? బరువు తూచే యంత్రంపై పాదం పెట్టించి, ముల్లు 14 దగ్గరకు వచ్చేదాకా మెల్లగా నొక్కించి, ఆ ఒత్తిడి పాదానికి అలవాటయ్యేదాకా మళ్లీ మళ్లీ చేయిస్తారు. తొందరపడితే అమర్చిన పొర ఊడిపోవచ్చు. మరీ భయపడితే కీలు బిగుసుకుపోతుంది, తొడ కండరం సన్నబడుతుంది.

కాబట్టి డిగ్రీ పూర్తిచేసి, పీజీలో ఎముకలు, కీళ్ల విభాగం గాని బయోమెకానిక్స్ (శరీర కదలికలను, దానిపై పడే బలాలను చదివే శాస్త్రం) గాని తీసుకోండి. కణాలను పెంచడం, వాటి జన్యువుల పనితీరును కొలవడం, గణాంకశాస్త్రం చిన్న కోర్సులలో నేర్చుకోవచ్చు. ఆ తరువాత శస్త్రవైద్యులు, కణజీవశాస్త్రవేత్తలు కలిసి పనిచేసే బృందంలో పీహెచ్‌డీకి ప్రయత్నించండి. ఒక్క జాగ్రత్త: ఈ చికిత్స ప్రధానంగా ఒక చోట ఏర్పడిన లోపానికి ఉద్దేశించినది, కీలంతా అరిగిన వారికి కాదు. ఆ తేడా చెప్పకుండా మూలకణాల ఇంజెక్షన్లు అమ్మే చోట, జీతం ఎంత ఎక్కువైనా, ఉద్యోగంలో చేరవద్దు.

ఈ సెలవులలో మీ అధ్యాపకులను అడిగి, ఇటువంటి శస్త్రచికిత్స జరిగిన ఒక రోగి వ్యాయామాలను మొదటి రోజు నుంచి 12 వారాల వరకు దగ్గరుండి రాసుకోండి. పీహెచ్‌డీ దరఖాస్తులో చూపడానికి అది పనికొస్తుంది.