రాబందులు కనుమరుగవడంలో నా చేయి కూడా ఉంది

మన జీవితకాలంలోనే, మన కళ్ళ ముందే ఒక జీవజాతి లేకుండా పోవడం ఎవరైనా చూశారా, దానికి వేట, అడవుల నరికివేత కాక మరో కారణం ఏదైనా ఉంటుందా అని మీరు అడిగారు. నేను చూశాను. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల నుంచి రాబందులు మాయమైన సంవత్సరాలలో నేను ఆ పల్లెల్లోనే పశువైద్యుడిగా పనిచేస్తున్నాను. వాటిని చంపిన మందును నా చేతులతోనే వందల పశువులకు వేశాను. పదవీ విరమణ చేసి మెహదీపట్నంలో స్థిరపడ్డాక కూడా ఈ విషయం నన్ను వదలలేదు కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన 1980ల చివర, చేవెళ్ల వైపు ప్రతి ఊరి బయటా చచ్చిన గొడ్లను పారేసే బీడు ఒకటి ఉండేది. గొడ్డును ఈడ్చుకొచ్చి పడేసి, చర్మం ఒలిచేవాళ్ళు తమ పని ముగించుకొని పక్కకు జరగగానే రాబందులు దిగేవి. నలభై యాభై పక్షులు ఒక్కసారిగా కమ్ముకొని, గంట తిరిగేలోగా ఎముకలు మాత్రమే మిగిల్చేవి. వాసన ఊరి దాకా వచ్చేది కాదు. అవి చూడటానికి అందమైనవి కావని అందరూ అనేవారు, ఇల్లు మీద వాలితే అశుభమని భయపడేవారు. అయినా వాటికి హాని తలపెట్టినవారిని మాత్రం నేను ఒక్కరినీ చూడలేదు.

1990ల నడుమ మా చేతికి డైక్లోఫెనాక్ అనే నొప్పి, జ్వరం తగ్గించే మందు వచ్చింది. కాలు కుంటే ఎద్దుకు, పొదుగువాపుతో బాధపడే బర్రెకు, ఈనిన తరువాత జ్వరంతో పడిపోయిన ఆవుకు ఆ సూది వేస్తే పూట గడిచేలోగా లేచి మేతకు మూతి పెట్టేది. ధర తక్కువ, ఫలితం త్వరగా కనబడేది. "సారూ, మొన్న వేసిన ఆ సూదే వెయ్యి" అని రైతులు అడిగి మరీ వేయించుకునేవారు. పశువుకు నొప్పి తగ్గించడం మా వృత్తిధర్మం, అందుకు ఇంత మంచి సాధనం దొరికిందని నేను నిజంగా సంతోషించాను.

అప్పటికి మూడు నాలుగేళ్ళ తరువాత, చర్మాలు ఒలిచే ఒక పెద్దాయన ఆసుపత్రి అరుగు మీద కూర్చొని నన్ను అడిగిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. "సారూ, గొడ్డును పడేసి మూడు రోజులైంది, అట్లనే ఉన్నది. పిట్టలు వస్తలేవు. కుక్కలే తింటున్నయి. ఏమైంది?" నాకు జవాబు తెలియలేదు. కరువు వల్ల వేరే చోటికి పోయి ఉంటాయని ఏదో చెప్పాను. మా అందరికంటే ముందు ఆ మార్పును గమనించినవాడు ఆయన, ఎందుకంటే రాబందులు శుభ్రం చేసిన ఎముకలను అమ్ముకోవడం ఆయన బతుకులో భాగం. ఆ ప్రశ్నను నేను పట్టించుకొని పై అధికారులకు రాసి ఉండవలసింది. రాయలేదు.

ఉత్తరాన భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనంలో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త అదే పతనాన్ని లెక్కలతో నమోదు చేశారు. మొదట అంటువ్యాధి అనుకున్నారు, పురుగుమందులు అనుకున్నారు. చివరకు పాకిస్తాన్‌లో చచ్చిపడిన రాబందులను కోసి పరీక్షించినప్పుడు అసలు కారణం తేలింది, 2004లో ఆ సంగతి ప్రచురితమైంది. డైక్లోఫెనాక్ వేసిన కొద్ది రోజులకే పశువు చనిపోతే, మందు ఇంకా దాని కండలో, కాలేయంలో నిలిచి ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడైపోతాయి, యూరిక్ ఆమ్లం బయటికి పోలేక గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుంటుంది. పక్షి మెడ వేలాడేసి కొమ్మ మీద కూర్చొని కొద్ది రోజుల్లోనే రాలిపోతుంది. పశువుకు ఔషధమైనది దానికి విషం.

నేను వేసిన సూదుల్లో అత్యధికం పశువులను బతికించాయి, చనిపోయినవి కొన్నే, మరి దేశమంతటా ఉన్న పక్షులు ఎలా చచ్చిపోయాయని నేను చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దానికి శాస్త్రవేత్తలు కట్టిన లెక్క చదివాక ఆ సర్దుబాటు నిలవలేదు. నూటికి ఒక్క కళేబరంలో కూడా కాదు, అంతకంటే తక్కువ వాటిలో ప్రాణాంతకమైన మోతాదు ఉన్నా ఈ పతనం మొత్తానికి అది చాలు. ఒక్క గొడ్డు మీద యాభై పక్షులు దిగుతాయి కదా. పైగా రాబందు జంట ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు, ఆ పిల్ల తిరిగి గుడ్డు పెట్టే వయసుకు రావాలంటే సుమారు అయిదేళ్ళు పడుతుంది. అంత నెమ్మదిగా పెరిగే జాతికి ఆ నష్టాన్ని పూడ్చుకొనే శక్తి ఉండదు. 1992 నుంచి 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతు తగ్గిపోయాయి. పొడుగు ముక్కు రాబందులు నూటికి సుమారు 97 వంతు తగ్గాయి.

వాటి పనిని ఊరకుక్కలు అందుకున్నాయి. నా ఆఖరి సంవత్సరాల ఉద్యోగంలో పిచ్చికుక్క కాటు పడ్డ పశువులను నేను మునుపటికంటే ఎక్కువగా చూశాను. సికింద్రాబాద్‌లో పార్సీగుట్ట అనే పేరు మనందరికీ తెలుసు. దఖ్మా అనే పైకప్పు లేని గుండ్రని కట్టడంలో మృతదేహాన్ని పక్షులకు అప్పగించే పార్సీల సంప్రదాయం రాబందులు లేక చిక్కుల్లో పడింది. ముంబయిలో ఆ పనికి సూర్యకాంతిని కేంద్రీకరించే అద్దాలు అమర్చుకోవలసి వచ్చింది.

2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఆ ఉత్తర్వు చేతికి అందిన రోజు మా ఆసుపత్రిలో మిగిలిన సీసాలన్నీ నేనే లెక్కించి వెనక్కి పంపాను. అయితే మనుషుల కోసం తయారయ్యే పెద్ద సీసాలు మందుల దుకాణాల్లో దొరుకుతూనే ఉండేవి, ముప్పై మిల్లీలీటర్ల సీసా ఒక పశువుకు సరిగ్గా సరిపోయేది. మా మండలంలోని ఒక దుకాణంలో అవి రైతులకు అమ్ముతుంటే నేను కళ్ళారా చూసి అడిగాను, "మనుషుల మందు అమ్ముతున్నాను, మీకేం" అన్నాడు. 2015లో మనుషులకు వాడే సూదిమందును మూడు మిల్లీలీటర్ల సీసాలకే పరిమితం చేశాక గాని ఆ దారి ఇరుకు కాలేదు. పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గా మారే ఎసిక్లోఫెనాక్‌ను, రాబందులను అదే విధంగా చంపే కీటోప్రొఫెన్‌ను పశువైద్యంలో నిషేధించడానికి 2023 దాకా పట్టింది. ఈ ఆలస్యం నన్ను బాధిస్తుంది, ఎందుకంటే రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ సంగతి 2006కే తెలుసు, నేను ఆనాటి నుంచి అదే వాడాను, నొప్పి తగ్గించడంలో ఏ లోటూ కనబడలేదు.

మన నెహ్రూ జంతుప్రదర్శనశాలలో రాబందుల సంతానోత్పత్తి కేంద్రం ఉంది. అడవిలో చూడాలంటే ఆసిఫాబాద్ జిల్లా పెంచికలపేట దగ్గర పెద్దవాగు ఒడ్డున ఉన్న పాలరాపు గుట్ట దాకా వెళ్ళవలసి వచ్చేది. అక్కడ 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్ళను గుర్తించారు. విరమణ తరువాత నేను మా అబ్బాయిని వెంటబెట్టుకొని వెళ్ళాను. బండరాయి మీద రెట్టల తెల్లని చారలు, ఒక అంచున కూర్చొన్న రెండు పక్షులు, అంతే కనిపించాయి. వాటిలో ఒకటి రెక్కలు విప్పి వాగు మీదుగా తేలిపోతుంటే, ఆనాడు అరుగు మీద కూర్చొని అడిగిన పెద్దాయన గుర్తుకొచ్చాడు. ఆయన అప్పటికే లేడు.

నగరంలో ఉండే మనం ఏం చేయగలమని కూడా మీరు అడిగారు. మీకు ఊళ్ళో పశువులున్న బంధువులు ఉంటే, లేదా ఏ గోశాలతోనైనా పరిచయం ఉంటే, అక్కడ నొప్పికి, జ్వరానికి వాడుతున్న సూదిమందు సీసా మీద పేరు ఒకసారి చదవండి. మెలాక్సికామ్ కాని, టోల్ఫెనమిక్ ఆమ్లం కాని అయితే పక్షులకు భయం లేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ పేర్లు కనిపిస్తే ఔషధ నియంత్రణ అధికారులకు తెలియజేయండి. వాటితో వైద్యం పొందిన పశువు కొద్ది రోజుల్లోనే చనిపోతే, బీడులో పారేయకుండా లోతుగా గొయ్యి తీసి పూడ్చమని చెప్పండి.