హాస్టల్‌కు కట్టేసిన తిండికే మళ్లీ కడుతున్నారు

ప్రశ్న: నేను ఉస్మానియాలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది సూర్యాపేట జిల్లాలో ఒక పల్లె. నాచారంలో ప్రైవేటు హాస్టల్‌లో ఉంటున్నాను. ఫీజు 6,500, మూడు పూటల తిండి అందులోనే. నాన్న 5వ తేదీన 10,000 పంపిస్తారు. సాయంత్రాలు ఒక టెన్త్ అమ్మాయికి ట్యూషన్ చెబితే 10వ తేదీకి 2,000 ఇస్తారు. అయినా 20 దాటేసరికి చేతిలో ఏమీ ఉండదు. ఒక లోన్ యాప్‌లో 4,000 తీసుకుంటే 3,480 ఖాతాలో పడ్డాయి, 30 రోజులకు 4,200 కట్టాలి. వరసగా ఇది మూడోసారి. ఇంట్లో తెలియదు. రూమ్మేట్ నెలకు 500 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే పెట్టుబడి) కట్టమంటోంది. తెలిసిన సీనియర్ ఒకరు, ఎవరికో నా బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే నెలకు 5,000 ఇస్తారని చెబుతున్నారు. ఏం చేయాలో తోచడం లేదు. ఒక వారం పాటు ఏ టైముకు ఏం చేశానో, ఎంత ఖర్చయిందో రాసి పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి గడువు లేదు, ఈ రోజే తేల్చేయాలి. ఖాతా ఎవరికీ ఇవ్వకండి. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్, ఓటీపీ ఏదీ వద్దు. ఊరికే ఒక ఖాతా వాడుకోవడానికి నెలకు 5,000 ఎవరైనా ఎందుకిస్తారు? సైబర్ మోసాల్లో జనం దగ్గర కొట్టేసిన డబ్బును పది చేతులు మార్చడానికి ఇలాంటి ఖాతాలు కావాలి. పోగొట్టుకున్నవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాక ఆ డబ్బు ఏయే ఖాతాల గుండా వెళ్లిందో చూసి వాటిని ఫ్రీజ్ చేస్తారు. అప్పుడు పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ల దగ్గరికి. ఆ సీనియర్ అప్పటికి ఫోన్ ఎత్తడు. మీ స్కాలర్‌షిప్ పడాల్సిందీ, నాన్న పంపే డబ్బు వచ్చేదీ ఆ ఖాతాలోనే కదా. రేపు ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది, అది వేరే సంగతి. "కుదరదు" అని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకోండి. కారణాలు చెప్పారంటే వాళ్లు వాటికి జవాబులు చెబుతారు.

ఇక లోన్. యాప్‌లో వడ్డీ శాతాల్లో, ప్రాసెసింగ్ ఫీజు వేరే గడిలో ఉంటుంది కాబట్టి అసలు సంగతి కనిపించదు. మనకు తెలిసిన పద్ధతిలో చూద్దాం. మీ ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలు, మూడంటే మొహం చిట్లిస్తారు, ఐదంటే ఆ మనిషి గడప తొక్కరు. మీ చేతికి వచ్చింది 3,480. మీరు కట్టేది 4,200. అంటే 3,480కి నెలకు 720. నూటికి 20 రూపాయల 70 పైసలు! మూడుసార్లకు కలిపి 2,160 పోయాయి. అంటే మీ ట్యూషన్ జీతం ఒక నెలది మొత్తం, ఇంకా పైన కొంత.

దీన్ని తీర్చడానికి నాలుగో లోన్ తీసుకోవద్దు. అమ్మకు చెప్పండి. నాన్నకు చెప్పడానికి భయంగా ఉంటే ముందు అమ్మకు. సిగ్గుపడే ఖర్చేదీ మీ చిట్టాలో నాకు కనిపించలేదు. 4,200 ఒక్కసారి అడిగి, నెలకు 700 చొప్పున ఆరు నెలల్లో తిరిగి ఇస్తానని చెప్పండి, ఇవ్వండి కూడా. అమ్మ వద్దంటుంది, తెలుసు. అయినా పంపండి.

కట్టాక యాప్‌ను డిలీట్ చేసి ఊరుకోకూడదు. లోన్ ముగిసినట్టు లెటర్ డౌన్‌లోడ్ చేసుకోండి. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్లి ఆ కంపెనీ పేరు మీద మ్యాండేట్ (డబ్బు దానంతటదే తీసుకునే అనుమతి) ఉంటే రద్దు చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతి తీసేయండి. రిజర్వ్ బ్యాంకు 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం డిజిటల్ లోన్ ఇచ్చే యాప్ మీ కాంటాక్టుల జాబితా అడగకూడదు, సంతకానికి ముందే మొత్తం ఖర్చు ఏడాదికి ఎంత శాతమో ఒక పత్రంలో చూపించాలి. 2025 జూలై నుంచి అనుమతి ఉన్న సంస్థల తరఫున నడిచే యాప్‌ల జాబితా రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది. మీ యాప్ అందులో లేకపోయినా, బాకీ విషయంలో ఫోన్లు చేసి బెదిరించినా, రిజర్వ్ బ్యాంకు వాళ్ల 'సచేత్' పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి.

ఇప్పుడు మీరు పంపిన వారం చిట్టా. ఇలాంటి ప్రశ్నలు రాసేవాళ్లలో ఎక్కువమంది "తిండి 3,000, ఇతరాలు 2,000" అని రాస్తారు. దాంతో ఏమీ తెలియదు. మీరు టైముతో సహా రాశారు కాబట్టే పని సులువైంది.

రాత్రి ఒకటిన్నరకు పడుకుంటున్నారు. ఏడూ ముప్పావుకు లేస్తున్నారు. హాస్టల్‌లో టిఫిన్ తొమ్మిది దాకా ఉన్నా స్నానానికి లైను, బట్టలు, రికార్డు వెతుక్కోవడం, మొత్తానికి తినకుండా బయటపడుతున్నారు. లంచ్ బాక్స్ కట్టించుకునే టైము అంతకన్నా లేదు. మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవచ్చు, కానీ ఆ బస్సు అందే టైముకు మీరింకా జడ వేసుకుంటున్నారు. అందుకని బైక్ ట్యాక్సీ, 50. పదకొండింటికి ఆకలి, క్యాంటీన్‌లో దోశ, టీ, 60. బాక్స్ లేని రోజు మధ్యాహ్నం భోజనం 80. ల్యాబ్, ఆ తర్వాత ట్యూషన్, ఎనిమిదిన్నరకు హాస్టల్ భోజనం. నెట్ పరీక్షకు చదువుతూ పదకొండయ్యేసరికి మళ్లీ ఆకలి, నలుగురూ కలిసి ఆర్డర్, మీ వాటా 120.

ఆ వారాన్ని నెలకు పరిస్తే ఇలా వస్తుంది. బైక్ ట్యాక్సీ నెలకు 15 రోజులు, 750. పదకొండింటి టిఫిన్ 22 రోజులు, 1,320. బయటి భోజనం పది రోజులు, 800. రాత్రి ఆర్డర్లు పన్నెండు, 1,440. మొత్తం 4,310. హాస్టల్ ఫీజు పోగా మీ దగ్గర మిగిలేదే 5,500. ఇక మిగిలిన 1,190లో ఫోన్ రీచార్జ్, జిరాక్సులు, సబ్బులు, ఒక స్నేహితురాలి పుట్టినరోజు. 20వ తేదీకి అయిపోకుండా ఎలా ఉంటుంది?

ఇందులో ఒక్క సంగతి చూడండి. టిఫిన్‌కూ మధ్యాహ్న భోజనానికీ హాస్టల్‌కు ముందే కట్టేశారు. ఉచితంగా వెళ్లగలిగే దారికి బైక్ ట్యాక్సీకి కడుతున్నారు. ఈ మూడూ కలిపితే 2,870. రోజూ గంటన్నర పాఠం చెప్పి మీరు సంపాదిస్తున్నది 2,000. అంటే ట్యూషన్ డబ్బంతా ఇచ్చి, దానిపైన నాన్న డబ్బులో 870 కలిపి, ఒకసారి కొన్నవాటినే రెండోసారి కొంటున్నారు. మీరు దుబారా మనిషి కాదు. మీ చిట్టాలో చీరలు, ఫోన్లు, సినిమాలు ఏవీ లేవు. ఖర్చంతా ఆలస్యానిది.

కాబట్టి నా సలహా డబ్బు గురించి కాదు, నిద్ర గురించి. పన్నెండుకు పడుకోండి, ఆరున్నరకు లేవండి. చదువు గంటన్నర తగ్గుతుందన్న టెన్షన్ వద్దు. రాత్రి పదకొండు నుంచి పన్నెండున్నర దాకా మీరు రాసుకున్నది చూశాను. ఆర్డర్ ఏం పెట్టాలని ఇరవై నిమిషాలు, వచ్చేదాకా ఎదురుచూపు, తినడం, కబుర్లు. అందులో ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎంత ఉందో మీకే తెలుసు. పొద్దున స్నానాల లైను మొదలయ్యేలోపు ఒక గంట చదివితే అదే ఎక్కువ.

రాత్రి ఆకలి మాత్రం నిజమైనది, దాన్ని "ఓర్చుకోండి" అనను. ఎనిమిదిన్నరకు తిని ఆ పైన మూడున్నర గంటలు చదివితే ఎవరికైనా వేస్తుంది. గదిలో ఒక డబ్బాలో అటుకులు, పల్లీలు, బెల్లం పెట్టుకోండి. ఊరెళ్లినప్పుడు అమ్మ కట్టిచ్చే సకినాలు మొదటి రాత్రే గదంతా పంచిపెట్టకుండా సగం దాచుకోండి. హాస్టల్ ఉప్మా ఎలా ఉంటుందో నాకూ తెలుసు, పచ్చడి సీసా ఒకటి దగ్గరుంటే దిగుతుంది. లంచ్ బాక్స్ మూత సరిగా పట్టేది కొనుక్కోండి. సాంబారు కారి రికార్డు పాడైందని బాక్స్ మానేశానని రాశారు కదా, ఆ 250 రూపాయలు పెట్టడంలో తప్పు లేదు.

రాత్రి ఆర్డర్ పూర్తిగా మానమనడం లేదు. శనివారం ఒక్కరోజు పెట్టుకోండి. రూమ్మేట్లతో కూర్చుని తినడం కూడా హాస్టల్ బతుకులో భాగమే. పన్నెండు నుంచి నాలుగుకు తగ్గితే 960 మిగులుతాయి. లెక్క ప్రకారం అన్నీ కలిపి నెలకు 3,830 మిగలాలి. అంత మిగలదు. వాన పడుతుంది, ఒకరోజు నిద్ర లేవరు, ఒకరోజు హాస్టల్‌లో కూర నోట పెట్టలేరు. సగం మిగిలినా నాకు చాలు.

ఆ సగంతోనే నెలను ఇలా సర్దండి. వచ్చే 12,000లో హాస్టల్‌కు 6,500, అమ్మకు 700, రెండూ డబ్బు వచ్చిన రోజే పంపేయండి. ఫోన్‌కు నెలకు 300 పక్కన పెట్టండి, మూడు నెలలకోసారి 860 దాకా రీచార్జ్ వచ్చినప్పుడు ఉలిక్కిపడక్కర్లేదు. జిరాక్సులు, సబ్బులు, మందులకు 900. వారానికి 700 చొప్పున చేతి ఖర్చు, నెలకు 3,000 అనుకోండి. 600 మిగులుతాయి, అవి ముట్టుకోకూడనివి.

వారానికి 700 అనేది ముఖ్యం. మీకు నెల డబ్బు 5న వస్తుంది కాబట్టి 5 నుంచి 12 దాకా మీరు ధనవంతురాలు, 25 నుంచి 5 దాకా బీదరాలు. టీ బండి దగ్గర కూడా స్కానర్ ఉన్న కాలంలో కవర్లలో నోట్లు పెట్టుకోమని చెప్పను. యూపీఐ లైట్ వాడండి. ప్రతి ఆదివారం రాత్రి అందులో 700 వేసుకోండి, వారం ఖర్చంతా దాంట్లోంచే చేయండి. పిన్ లేకుండా 1,000 దాకా కట్టొచ్చు కాబట్టి చేయి జారే మాట నిజమే, కానీ అయిపోయాక అయిపోయినట్టు కళ్లకు కనిపిస్తుంది. అయిపోగానే దానంతటదే మళ్లీ నింపే ఆటో టాప్‌అప్ మాత్రం ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే ఈ ఏర్పాటంతా దండగ. 700లో శనివారం ఆర్డర్, వారానికి రెండు బైక్ ట్యాక్సీలు, ఒక క్యాంటీన్ భోజనం, రోజూ టీ పోగా కొంత మిగులుతుంది. దాన్ని ఏం చేస్తారో నేనడగను.

ముట్టుకోకూడని 600 ఎక్కడ పెట్టాలంటే, యూపీఐకి కలపని ఖాతాలో. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా 500తో తెరవొచ్చు, 4 శాతం వడ్డీ. వడ్డీ కోసం కాదు, తీయాలంటే కౌంటర్ దాకా నడవాలి, అందుకోసం. పరీక్ష ఫీజు, నెట్ అప్లికేషన్, ప్రాజెక్టు ఖర్చు, జ్వరం వస్తే డాక్టరు ఇందులోంచే. స్కాలర్‌షిప్ వచ్చినా ముందు ఇక్కడికే. అది ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి "వచ్చాక ఇస్తాను" అని ఎవరికీ మాటివ్వకండి, దాని మీద ఏదీ కొనకండి.

సిప్ సంగతి క్లుప్తంగా. మీ రూమ్మేట్ చెప్పింది చెడ్డ సలహా కాదు, తొందర సలహా. నెలకు 500 ఏడాది పాటు కట్టి, 12 శాతం లాభం వచ్చిందనుకున్నా (వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు) పైన వచ్చేది దాదాపు 400. మీ లోన్ ఒక్క నెలలో తిన్నది 720. అప్పు తీరి, పోస్టాఫీసులో 5,000 కనిపించాక మళ్లీ రాయండి, ఫండ్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం. ఇంకా ఎవరైనా ఆప్షన్స్ ట్రేడింగ్ (షేర్ల ధర పెరుగుతుందో తగ్గుతుందో అని కాసే పందెం లాంటిది) అంటే మాత్రం అక్కడ నిలబడకండి. 2024లో స్టాక్ మార్కెట్లను నియంత్రించే సంస్థ సెబీ చూపిన లెక్కలో అంతకుముందు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన మామూలు మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు.

చివరగా, మీరు అడగని ప్రశ్న ఒకటుంది. ట్యూషన్ వారానికి ఆరు రోజులు, రోజుకు గంటన్నర అని రాశారు. నెలకు 36 గంటలు. 2,000ను దాంతో భాగిస్తే గంటకు 55 రూపాయలు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే మనిషి టెన్త్ లెక్కలు, సైన్సు చెబితే ఇది చాలా తక్కువ. 3,000 అడగండి. ఇవ్వలేమంటే అదే 2,000కు వారానికి నాలుగు రోజులే వస్తానని చెప్పండి. మీకు రెండు సాయంత్రాలు చదువుకు దొరుకుతాయి, పొద్దున లేవడమూ తేలికవుతుంది. అడిగేటప్పుడు మీ కష్టాలు చెప్పకండి, వాళ్లమ్మాయి మార్కులు చూపించండి. సంక్రాంతి సెలవుల ముందు అడిగితే మంచిది. మార్చిలో టెన్త్ పరీక్షలు పెట్టుకుని జనవరిలో టీచర్ను మార్చే తల్లిదండ్రులు ఎవరూ ఉండరు.