అమెరికా ఎల్-1 వస్తోంది, కెనడా పీఆర్ ఆలోచనా ఉంది: ఏది మేలు?

మీ ప్రశ్న క్లుప్తంగా: మీకు 32, మీ ఆవిడకు 30, పాపకు 4. ఇద్దరూ బీటెక్, ఇద్దరికీ మూడేళ్లు దాటిన సాఫ్ట్‌వేర్ అనుభవం. గచ్చిబౌలిలో మీరు చేస్తున్న కంపెనీ ఎల్-1 (తన ఉద్యోగిని అమెరికా శాఖకు బదిలీ చేసే వీసా) మీద డల్లాస్ పంపుతానంటోంది. స్థిరపడడానికి కెనడా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మేలా అని అడిగారు.

జీతం అమెరికాలోనే ఎక్కువ, టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను కూడా లేదు. టొరంటోలో అద్దెలు ఎక్కువ, చలి ఎక్కువ. ఇవన్నీ సర్దుకోగలిగేవే. సర్దుకోలేనిది వయసు. అమెరికా మీరు ఎక్కడ పుట్టారో చూసి గ్రీన్ కార్డు వరుసలో నిలబెడుతుంది. కెనడా మీకు ఎన్నేళ్లో చూసి పాయింట్లు కోస్తుంది. కాబట్టి ముందు మీ ముగ్గురి పుట్టిన తేదీలు కాగితం మీద రాసుకోండి.

కంపెనీని మొదట అడగాల్సింది ఎల్-1ఎ ఇస్తున్నారా, ఎల్-1బి ఇస్తున్నారా అని. ఎ అంటే మేనేజర్ స్థాయి, గరిష్ఠంగా 7 ఏళ్లు, ఇబి-1 అనే విభాగం కింద గ్రీన్ కార్డుకు దారి ఉంటుంది. అక్కడా భారతీయులకు వరుస ఉంది గానీ మిగతా వాటితో పోలిస్తే చిన్నది. బి (ప్రత్యేక నైపుణ్యం ఉన్న ఉద్యోగి) అయితే 5 ఏళ్లే. కంపెనీ మారడానికి వీల్లేదు. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం పొందినా హెచ్-1బి (లాటరీ మీద ఇచ్చే ఉద్యోగ వీసా) లాగా గడువు పెరగదు. ఆ ఐదేళ్లలో హెచ్-1బి లాటరీ తగలాలి, తగలకపోతే తిరుగు ప్రయాణమే. ఎల్-2 (ఎల్-1 వారి భార్యాపిల్లల వీసా) మీద మీ ఆవిడ వేరే పర్మిట్ లేకుండానే ఉద్యోగం చేసుకోవచ్చు, అది మంచి సౌకర్యం.

లాటరీ తగిలినా ఇబి-2, ఇబి-3 (మిగతా ఉద్యోగుల గ్రీన్ కార్డు విభాగాలు) వరుసలో 2025 చివరికి 2013లో దాఖలైన భారతీయుల వంతు నడిచింది. ఏటా ఉద్యోగ కోటా సుమారు 1,40,000, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. పాపకు 21 నిండేలోపు మీ వంతు రాకపోతే, కొద్దిపాటి సడలింపు పోను, తను మీ ఫైలులోంచి జారిపోతుంది. మీకున్న సమయం 17 ఏళ్లు. ఒకటి మాత్రం తప్పక చూసుకోండి: మీ ఆవిడ కువైట్‌లోనో దుబాయ్‌లోనో పుట్టి ఉంటే, ఆవిడ పుట్టిన దేశం కోటా మీకూ వర్తిస్తుంది. పాస్‌పోర్టు భారతీయమే అయినా ఫర్వాలేదు. గల్ఫ్‌లో పుట్టినవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నా ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక కెనడా లెక్క. అక్కడ పాయింట్లు ఎక్కువున్నవారిని విడతలవారీగా ఎంచి పీఆర్‌కు పిలుస్తారు, ఆ విడతలనే డ్రాలు అంటారు. దరఖాస్తు భర్త పేరు మీదే పెట్టాలని లేదు. పెళ్లైనవారికి వయసు పాయింట్లు 29 వరకు 100, ఆ తర్వాత 40 దాకా ఏటా 5 తగ్గుతాయి. మీకు 85, ఆవిడకు 95. ఆవిడ ప్రధాన దరఖాస్తుదారు అయితే: వయసు 95, బీటెక్ 112, ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లీషు పరీక్ష) 116, చదువు, అనుభవం, భాష కలిపి చూసే లెక్కలో 75, జీవిత భాగస్వామిగా మీ చదువుకు, ఇంగ్లీషుకు 28. మొత్తం 426. సాధారణ డ్రాలు కొంతకాలంగా 500 పైనే ఆగుతున్నాయి. ఈ స్కోరుతో హైదరాబాద్ నుంచి నేరుగా పిలుపు రావడం కష్టం.

ఆ 116 కూడా లిజనింగ్ 8, మిగతా మూడూ 7 వస్తేనే. లిజనింగ్‌లో 7.5 దగ్గర ఆగితే అక్కడ పోయేది 7 పాయింట్లే అనిపిస్తుంది, కానీ కలిపి చూసే లెక్కలో ఇంకో 37 పోతాయి. అర బ్యాండుకు 44 పాయింట్లు. అందుకే 7.5 వచ్చినవాళ్లు మళ్లీ రాయడమే మంచిది.

లోటు పూడ్చేది ఫ్రెంచ్. నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కు కెనడా కొలమానం) 7 వస్తే అదనంగా 62 పాయింట్లు, మొత్తం 488. అంతకన్నా ముఖ్యం, ఫ్రెంచ్ వచ్చినవారికి విడిగా డ్రాలు ఉంటాయి. 2025 మార్చి 21న జరిగినది 379కే ముగిసింది. సున్నా నుంచి మొదలుపెడితే రోజుకు రెండు గంటల చొప్పున ఏడాదికి పైగా పడుతుంది. అమీర్‌పేటలో ఎవరైనా లక్షలు తీసుకుని కెనడా ఆఫర్ లెటర్ ఇప్పిస్తామంటే లేచి వచ్చేయండి. 2025 మార్చి 25 నుంచి ఆఫర్ లెటర్‌కు పాయింట్లే లేవు.

నా సలహా: ఎల్-1ఎ అయితే వెళ్లండి. బి అయినా వెళ్లొచ్చు, కానీ ఇద్దరూ ఫ్రెంచ్ ఇప్పుడే మొదలుపెట్టండి. ఎందుకంటే విదేశీ (కెనడా బయటి) అనుభవానికి పాయింట్లు మూడేళ్లతో ఆగిపోతాయి. డల్లాస్‌లో ఐదేళ్లు చేసినా ఆ పద్దులో కొత్తగా కలిసేది సున్నా, వయసు కింద పోయేది 25. పీఆర్ వచ్చాక అమెరికాలోనే ఉండిపోదామంటే కుదరదు. ఐదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలి, పౌరసత్వానికి 1,095. తల్లిదండ్రులను దగ్గర ఉంచుకోవాలనుకుంటే కెనడావైపే మొగ్గండి. అక్కడి సూపర్ వీసా మీద వాళ్లు ఒక్క రాకలో ఐదేళ్ల దాకా ఉండొచ్చు, అమెరికా విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలే.

కాగితాల్లో ఎక్కువ దెబ్బ తగిలేది మూడుచోట్ల. అనుభవ పత్రంలో హోదా, తేదీలు మాత్రమే రాసిస్తారు. కెనడాకు చేసిన పనులు, వారానికి గంటలు, జీతం కూడా లెటర్‌హెడ్ మీద ఉండాలి. పిలుపు వచ్చాక ఉండేది 60 రోజులే, పాత కంపెనీల నుంచి ఇప్పుడే తెప్పించుకోండి. రెండోది డబ్బు: 2025 జూలై లెక్కలో ముగ్గురికి 23,360 కెనడా డాలర్లు. బ్యాంకు లెటర్‌లో ఆరు నెలల సగటు నిల్వ కనిపించాలి. ఫ్లాటు విలువ లెక్కలోకి రాదు. దరఖాస్తుకు ముందు మామయ్యగారు ఒక్కసారిగా వేసిన 10 లక్షలకు గిఫ్ట్ డీడ్ అడుగుతారు.

మూడోది ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, డిగ్రీలో పూర్తిగా, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండడం మనవాళ్లలో మామూలే. ఖాళీగా వదిలితే అమెరికా వీసాలో పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది, డ్రైవింగ్ లైసెన్సు దాకా అది వెంటాడుతుంది. ముగ్గురి పాస్‌పోర్టులూ ముందు సరిచేయించండి, ట్రాన్స్‌క్రిప్టులకు (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాలకు) అప్లై చేయడం ఆ తర్వాతే.